ఆటస్థలమున గరిక

జూన్ మాసము సగము గడచినది. బడులు తెఱచిరి. నల్లగొండ, మహబూబ్‌నగరు మెట్టసీమలలో తొలకరి ఒకటి రెండు మారులు పలుకరించి పోయినది. సాయంకాలము చివరి గంట మ్రోగగానే పిల్లలు పుస్తకముల సంచులను గోడవారగా పడవైచి, బంతితో బయలునకు పరుగెత్తుదురు. ఆ బయలు చల్క నేల. పైన సన్నని ఎఱ్ఱదుమ్ము, దాని క్రింద మొరము, నడుమ నడుమ తలయెత్తిన రాళ్ళు. ఒకవైపు రెండు బండరాళ్ళు గోలు. మరియొకవైపు రెండు జతల చెప్పులు గోలు. ఆట మొదలైన కొంతసేపటికి బంతి కనబడదు, ధూళియే కనబడును. ఆట ముగిసిన పిమ్మట ఎవని మోకాలు పగిలినదో, ఎవని మోచేయి గీరుకొన్నదో లెక్క తేలును. ఇంటికడ తల్లి గాయమునకు పసుపద్దుచు, "రేపటినుంచి ఆటకు పోకు బిడ్డా" అనును. మఱునాటి సాయంకాలము ఆ బిడ్డ మరల ఆ బయలులోనే యుండును.

ఈ పిల్లలే టెలివిజనులో ప్రపంచకప్పు ఫుట్‌బాల్ పోటీలు చూతురు. కంటికి చలువ చేయు ఆ పచ్చదనము, చాపవలె చదునైన ఆ నేల, ఆటగాడు దూరముగా జారిపడియు నవ్వుచు లేచుట వారికి వింతగా తోచును. "సారూ, గట్ల పచ్చగుండే గ్రౌండు మన బడికి ఎప్పుడొస్తది?" అని ఎవడో యొకడు వ్యాయామోపాధ్యాయుని అడుగక మానడు. ఆ ప్రశ్నకు బదులు చెప్పుట అంత సులభము కాదు.

అట్టి బడిలో చదివి దూరదేశమున స్థిరపడిన పూర్వవిద్యార్థి యొకడు ఆటస్థలమునకై ధనమియ్యదలచినా డనుకొన్నచో, ప్రధానోపాధ్యాయుని గదిలో మూడు మాటలు వినబడును. "కృత్రిమమైన టర్ఫు పరిపించిన చాలును, ఏ బాధయు నుండదు" అని ఒకరందురు. "సహజమైన పచ్చికయే మేలు" అని మరియొకరందురు. "రెండును వలదు, మేము ఈ రాళ్ళలోనే ఆడి పెరుగలేదా?" అని మూడవ పెద్ద అనును. మూడు మాటలలోను కొంత సత్యము కలదు. కావున మూడింటిని తూచి చూడవలెను.

మూడవ పెద్ద మాటకు చరిత్రలో ఆధారము లేకపోలేదు. 1948లో లండను ఒలింపిక్ క్రీడలలో భారత ఫుట్‌బాల్ ఆటగాండ్రు చాలమంది వట్టి కాళ్ళతోనే ఫ్రాన్సు జట్టు నెదుర్కొని, 2-1 తేడాతో మాత్రమే ఓడిరి. ఆ కాలమున హైదరాబాదు నగరము ఫుట్‌బాల్‌కు పేరుగాంచినది. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకు శిక్షకుడై, 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు సాధించి పెట్టెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆయన జట్టు నాలుగవ స్థానమున నిలిచినది. అయినను ఆ చరిత్రయే మరియొక పాఠమును గూడ చెప్పుచున్నది. 1952లో హెల్సింకీలో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినది. చలిదేశపు నేలపై వట్టి కాళ్ళు నిలువలేకపోయినవి. ఆ పిమ్మట బూట్లు ధరించుట తప్పనిసరి యైనది. నేల మారినచో ఆటయు మారును. గాయముల నోర్చుకొనుట గొప్పయే. కాని తప్పింపదగిన గాయమును పిల్లలకు వారసత్వముగా ఇచ్చుట గొప్ప కాదు.

ఇక టర్ఫు మాట. ఇది పుట్టినది బడిపిల్లలకొరకే యనిన చాలమంది ఆశ్చర్యపడుదురు. నగరములలో ఆడుకొన నేల దొరకని బాలురకు అనువైన ఆటస్థలము కావలెనను తలంపుతో అమెరికాలో దీనిని రూపొందించిరి. ప్రావిడెన్సు నగరమందలి మోజెస్ బ్రౌన్ పాఠశాలలో 1964లో తొలిసారి పరచిరి. పేరు వచ్చినది మాత్రము 1966లో. హూస్టన్ నగరమున ఆస్ట్రోడోమ్ అను కప్పుగల క్రీడాగారము కట్టి, లోపల గడ్డి పెంచిరి. కప్పునందలి పారదర్శక ఫలకములనుండి వచ్చు వెలుగు ఆటగాండ్ర కన్నులకు మిరుమిట్లు గొలుపగా, వానికి రంగు పూసిరి. ఎండ తగులక గడ్డి చచ్చినది. దాని స్థానమున ప్లాస్టిక్ పచ్చిక వచ్చినది. అనగా ఎండ లేనిచోటికి, స్థలము లేనిచోటికి ఇది మందుగా వచ్చినదన్నమాట.

దీని సుగుణములను దాచరాదు. వాన కురిసినను బురద కాదు. బంతి ఒకే తీరున దొరలును. ఉదయమునుండి రాత్రివరకు ఎన్ని జట్లు ఆడినను అరుగదు. పచ్చిక అట్లుకాదు, దానికి విశ్రాంతి కావలెను. వందలమంది పిల్లలు బడియందే నివసించుచోట ఈ భేదము మిక్కిలి ముఖ్యము. తొలి గురుకుల పాఠశాల వెలసినది నాటి నల్లగొండ జిల్లాయందలి సర్వేలులోనే, 1971లో. అట్టి వసతి పాఠశాలలో ప్రతి సాయంకాలము ఒకే బయలుపై ఎన్ని పాదములు పడునో ఊహింపవచ్చును.

కాని ఈ సీమలో ఎండకు కొదువ లేదు. బయళ్ళకును అంత కొదువ లేదు. ఏప్రిల్, మే మాసములలో ఇచ్చటి ఎండ నలువది డిగ్రీలు దాటును. బ్రతికియున్న గడ్డి తన ఆకులనుండి నీటిని ఆవిరిగా విడిచి తన్ను తాను చల్లబరచుకొనును. ప్లాస్టిక్ పోచకు ఆ శక్తి లేదు. ఎండలో అది అరువది డిగ్రీలను మించి కాగుట సామాన్యము. తారురోడ్డుకంటెను ఎక్కువ వేడెక్కవచ్చును. నీరు చల్లినచో చల్లబడును గాని, కొంతసేపటికే వేడి మరల వచ్చును. ఇచ్చట పిల్లవాడు పడినచో మోకాలు గీరుకొనుటయే గాక కాలును గూడ. పైగా టర్ఫు శాశ్వతము కాదు. ఎనిమిది, పది ఏండ్లకు దానిని పెకలించి క్రొత్తది పరువవలెను. ఒకసారి దానమిచ్చిన పూర్వవిద్యార్థి అప్పుడు మరల ఇచ్చునో లేదో! పెకలించిన పాత చాపను ఎచ్చట పడవేయవలెనన్నది వేఱొక చిక్కు. పోచల నడుమ నింపు రబ్బరు గుండను పెక్కుచోట్ల పాత టైర్లనుండి చేయుదురు. అది వాననీటితో కొట్టుకొనిపోయి కాలువలలోను, మట్టిలోను చేరుచున్నదని గ్రహించి, ఐరోపా సంఘము 2023లో అట్టి ప్లాస్టిక్, రబ్బరు గుండల అమ్మకమును ఎనిమిదేండ్ల గడువుతో నిషేధించినది.

పోటీల మాటయు చూడవలెను. హాకీలో 1976 మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలనుండి కృత్రిమ తలమే నియమమైనది. అంతకుముందు ఏడు స్వర్ణములు గెలిచిన భారత జట్టు ఆ యేడు ఏడవ స్థానమునకు దిగినది. 1980లో మాస్కోలో స్వర్ణము మరల లభించినను, తరువాతి ఒలింపిక్ పతకము 2021లో టోక్యోలో గాని రాలేదు. దీనికి కారణములు పెక్కు. వానిలో నేల యొకటి. గడ్డిపై నేర్చిన బాలునకు టర్ఫు క్రొత్తదైనది. టర్ఫు లేని ఊరి బాలుడు వెనుకబడినాడు. కావున హాకీ ఆడువారికి టర్ఫు తప్పదు. ఫుట్‌బాల్‌లో స్థితి వేఱు. 2015లో కెనడాలో జరిగిన మహిళల ప్రపంచకప్పును పూర్తిగా కృత్రిమ తలముపై నిర్వహింపగా, ఆటకత్తెలు ముందే దాని నెదిరించి ఫిర్యాదు చేసిరి. పురుషుల ప్రపంచకప్పు నెన్నడును పూర్తిగా ప్లాస్టిక్ పచ్చికపై ఆడలేదు. ఫుట్‌బాల్ నేర్చు బాలునకు గడ్డి వెనుకటి మెట్టు కాదు. అదియే పై మెట్టు.

అయినచో పచ్చికకు నీరెక్కడిది? ఇది అన్నిటికంటె కఠినమైన ప్రశ్న. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పుగల మైదానము 7,140 చదరపు మీటర్లు. దానిని 5 మిల్లీమీటర్ల మేర ఒక్కసారి తడుపుటకు 35,700 లీటర్ల నీరు కావలెను. ఫ్లోరైడు కలసిన నీరు త్రాగి తరములుగా ఎముకలు వంగిన మనుష్యులున్న నల్లగొండ పల్లెలలో, వానకై ఆకాశమును చూచుచు దూరదేశములకు వలసపోయిన పాలమూరు కూలీల యూళ్ళలో, గడ్డికై అంత నీరు పారించుడని ఎవరు చెప్పగలరు? ఏడాది పొడవునను పచ్చగా నుండు మైదానము ఈ సీమకు తగదు. ఆ కోరిక టెలివిజనునుండి అరువు తెచ్చుకొన్నది.

కాని ఆ మైదానముపై ఆకాశమునుండి పడు నీటిని గూడ లెక్కింపవలెను. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన కురిసినచో, ఆ 7,140 చదరపు మీటర్లపై పడునది 42 లక్షల 84 వేల లీటర్లు. అందధికభాగము జూన్‌నుండి సెప్టెంబరు వరకు పడును. బోడిగానున్న మొరముపై ఆ నీరు నిలువక, పైమట్టిని గూడ వెంటబెట్టుకొని పోవును. వేళ్ళున్నచోట ఇంకును.

ఆ వేళ్ళ కొరకు ఎక్కడికో పోనక్కరలేదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదని సామెత. గరిక విషయమున అదియే జరిగినది. వినాయక చవితినాడు పూజకు కోసుకొని వచ్చు గరికయే, రైతు తన చేనిలో కలుపు అని విసుగుకొను గరికయే, లోకమంతట ఉష్ణదేశపు క్రీడామైదానములను కప్పుచున్న గడ్డి. ఆంగ్లేయులు దానిని బెర్ముడా గడ్డి యందురు. గరికకును దాని ఆఫ్రికా దాయాదికిని పుట్టిన సంకరమొకదానిని అమెరికాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు 1960లో టిఫ్‌వే అను పేర విడుదల చేసెను. అది పెక్కు దేశముల మైదానములకు ప్రాకినది. గరికకు ప్రతి గణుపునను వేరు పుట్టును. త్రొక్కినను చావదు, కోసినను చిగుర్చును. ఎండలకు పైభాగము మాడినను, నేలలోపలి కాండము ప్రాణము బిగబట్టుకొని వానకై వేచియుండును. ఈ మెట్టసీమ బ్రతుకే దాని బ్రతుకు.

పెంచుటకును గొప్ప విద్య యక్కరలేదు. వేసవిలో రాళ్ళేరి, నీరు నిలువకుండ నడుమ కొంచెమెత్తుగా నేలను సరిచేయవలెను. చల్కకు చెరువు పూడికమట్టి తోలుట ఈ ప్రాంతపు రైతులకు తరతరాల అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలోను పూడికమట్టిని పొలములకు తోలిరి. ఆ మట్టిని ఇసుకతో కలిపి పైన పరచవలెను. తొలకరి పడగానే, రైతులు పెఱికి గట్టున పడవేసిన గరికను తెచ్చి, గణుపులుగా త్రుంచి, జానెడు దూరమున నాటవలెను. పశువులు రాకుండ కంచె వేయవలెను. వేరు పట్టువరకు పిల్లలు ఓపిక పట్టవలెను. తరువాత బయలును రెండు భాగములు చేసి, ఒకటి ఆడినప్పుడు రెండవదానికి విశ్రాంతి నీయవలెను. బాగుగా తడిసిన దినమున ఆటయే మానవలెను.

మైదానములో ఎక్కువగా అరుగునది గోలు ముందరి నేల. ఆ రెండు గోలు గడులును కలిసి సుమారు 200 చదరపు మీటర్లు. వానిని 5 మిల్లీమీటర్లు తడుపుటకు ఇంచుమించు వెయ్యి లీటర్లు చాలును. నాలుగువందలమంది పిల్లలు మధ్యాహ్న భోజనమైన పిదప చేతులును పళ్ళెములును కడుగుకొను నీరు తలకు మూడు లీటర్ల లెక్కన 1,200 లీటర్లు. ఊరి త్రాగునీటినుండి ఒక్క చుక్కయు తీయకుండ, వృథాగా పోవు నీటినే మళ్ళించినచో ఆ రెండు గడులును బ్రతుకును. తక్కిన నేలను వానకు విడిచిపెట్టవచ్చును. మార్చి వచ్చుసరికి అది పసుపువన్నెకు తిరుగును. తిరుగనిమ్ము, అప్పటికి పరీక్షలు, పిమ్మట సెలవులు. పిల్లలు ఇండ్లకు పోయిన కాలముననే గరికయు నిద్రించును. జూన్‌లో ఇరువురును కలిసియే మేల్కొందురు.

2022లో తెలంగాణ పల్లెలలో క్రీడా ప్రాంగణములకు స్థలములు కేటాయించుట మొదలైనది. స్థలము దొరకుట తొలిమెట్టు. దానిని ఆటస్థలముగా పెంచుట రెండవది. మహబూబ్‌నగరు చెంతనున్న పిల్లలమఱ్ఱికి చెదలు పట్టి కొమ్మలు కూలినప్పుడు, 2018లో సెలైను సీసాలతో చుక్క చుక్కగా మందెక్కించి దానిని కాపాడిరి. ప్రాణమున్నదానికి అట్టి సేవ చేయవచ్చును. చేసిన సేవ ఫలించును. అరిగిన ప్లాస్టిక్ చాపకు ఏ సేవయు చిగురు తొడిగింపజాలదు.

పూర్వవిద్యార్థి ధనము కంచెకును, మట్టికిని, నీటి కాలువకును పోయి ఇంకను మిగులును. ధనముతో దొరకనిది పిల్లల చేతిపని. తాను నాటిన గరికపై తాను పడినవాడు మోకాలు దులుపుకొని లేచును. లేచి, తన కాలి క్రింద పెకలిన గణుపును మరల మట్టిలో అదిమి, బంతి వెంట పరుగెత్తును.