దాదా ఘోడీకి పెట్టిన ఐబ్
మా దాదా జట్కా తోలేవారు. ఆయన దగ్గర ముష్కీ ఘోడీ ఒకటి ఉండేదట, నిగనిగలాడే నలుపు. నేను చూళ్లేదు, అబ్బా చెబితే విన్నదే. ఫుప్పు నికాహ్ దగ్గరపడితే అమ్మకానికి పెట్టారు. వచ్చిన బేపారి కింద కూర్చుని, ముందుకాలి గిట్ట పైన, మడమ వైపు బొటనవేలితో నొక్కాడు. "రాయిలా ఉంది మియా, ఐబ్ ఉంది. రేపో మాపో కుంటుతుంది" అని సగం ధరకు అడిగాడు. దాదా ఇచ్చేశారు.

ఈమధ్య ఆ సంగతి ఒక పశువుల డాక్టర్‌ సాబ్ దగ్గర ఎత్తాను. గిట్టలోని ఎముకకు రెండు పక్కలా రెక్కల్లా మృదులాస్థి ఉంటుందట. నొక్కితే వంగాలి. గట్టి సడక్ మీద దెబ్బలు, నాల్‌బంద్ సరిగా కొట్టని లాడం, ఖాన్‌దానీ లక్షణం, వీటితో ఏళ్లు గడిచేకొద్దీ అది ఎముకైపోతుంది. సైడ్‌బోన్ అంటారు. బరువులు లాగే భారీ జాతుల్లో మరీ ఎక్కువ, అదీ ముందుకాళ్లకే.

"అయితే కుంటుతాయా?" అన్నాను.

"చాలావాటికి ఏమీ కాదు. అది బాగా పెరిగినా, విరిగినా నొప్పి రావచ్చు. నిజంగా కుంటితే మాత్రం ముందు వేరే సబబ్ వెతకాలి, ఎక్స్‌రే తీయాలి. వేలితో నొక్కి ఫైసలా చెప్పకూడదు."

బేపారికి ఇది తెలుసో లేదో, అల్లాహ్‌కే ఎరుక.

ఇంటికొచ్చి అబ్బాను అడిగాను, ఘోడీని నడిపించి చూశాడా అని. లేదన్నారు. ఆ పొద్దున కూడా అది స్టేషన్‌కు రెండు సవారీలు లాగిందట.