ఒక పాత వాహనం, మూడు ప్రమాణాలు

యథార్థజ్ఞానానికి సాధనాలైన ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అనే మూడు ప్రమాణాలను విద్యార్థులకు బోధిస్తూ ముప్ఫై సంవత్సరాలు గడిపాను. పర్వతంపై ధూమాన్ని చూచి అక్కడ అగ్ని ఉన్నదని నిశ్చయించడం తార్కికుల ప్రసిద్ధ దృష్టాంతం. దానిని ఎన్ని వందల పర్యాయాలు చెప్పి ఉంటానో లెక్క లేదు. అయితే దాని అంతరార్థం నాకు బోధపడినది తరగతి గదిలో కాదు. రాజమహేంద్రవరం దానవాయిపేటలో, ఒక పాత ఇంటి పెరట్లో, పొగ వదులుతున్న ఒక మోటారుసైకిలు ఎదుట గొంతుకు కూర్చున్నప్పుడు. తత్త్వవిచారానికై వచ్చే సాధకులకు ఈ ప్రసంగం అప్రస్తుతంగా తోచవచ్చును. సహనంతో చివరివరకు చదువ ప్రార్థన.

ఆ వాహనం రాజ్‌దూత్ 350. జపాను దేశపు యమహా ఆర్‌డీ 350 నమూనాను అనుసరించి, మన దేశంలో ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుండి ఆ దశాబ్దపు చివరి వరకు దీనిని నిర్మించినది. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజన్, 347 సీసీలు, ఆరు గేర్లు. హై టార్క్ అనబడే రకానికి సుమారు 30 అశ్వశక్తి. జపాను నమూనాకు ముందు చక్రానికి ఉన్న డిస్క్ బ్రేకుకు బదులు ఇక్కడ డ్రమ్ బ్రేకు అమర్చారు. అందుచేత వేగానికి తగిన నిగ్రహం లేదన్న అపకీర్తి దీనికి ఉండేది. పెట్రోలు దాహం సరేసరి.

1986లో, విద్యార్థిదశలో, గోదావరిపై రోడ్డు-రైలు వంతెన మీద సైకిలు తొక్కుకుంటూ కొవ్వూరు వైపు వెళుతుండగా ఒక రాజ్‌దూత్ 350 నన్ను దాటిపోయినది. చూచినది రెండు క్షణాలు. విన్నది అది వంతెన చివరకు చేరేవరకు. ఆ ధ్వని సంస్కారమై చిత్తంలో ఎక్కడో నిలిచిపోయినది. సంసారం, ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంత శాస్త్రపఠనం — ఇవన్నీ దానిపై పేరుకున్నవే తప్ప దానిని చెరపలేదు. పదవీవిరమణ తరువాత, దివంగతులైన ఒక పెద్దమనిషి వాహనాన్ని వారి భార్య అమ్మదలచారని తెలియగానే, లక్ష రూపాయలు సంచిలో పెట్టుకొని, విజయవాడలో నాకు పరిచితుడైన వృద్ధ మెకానిక్‌ను వెంటబెట్టుకొని బయలుదేరాను. ఆయనను అందరూ మేస్త్రీ అంటారు, నేనూ అంతే.

మొదటి దినం సాయంకాలం వాహనాన్ని చూచాను. చూచాను అనడం సాహసం. టాంకుపై మెరుపు కనబడినది, వంతెన కనబడినది, నా పందొమ్మిదవ యేడు కనబడినది. వెంటనే ధర మాట్లాడబోయాను. మేస్త్రీ నా చేయి పట్టుకొని ప్రక్కకు తీసుకుపోయి, “మేష్టారూ, మీరు బండిని చూడటం లేదు, ఇంకేదో చూస్తున్నారు,” అన్నాడు. రజ్జువునందు సర్పాన్ని ఆరోపించుకొనడమే అధ్యాస అని బోధించిన నాకు, ఇనుమునందు యౌవనాన్ని ఆరోపించుకుంటున్నానని ఒక మెకానిక్ చెప్పవలసి వచ్చినది.

అతడు సిలిండరుపై అరచేయి ఆనించి, “వేడిగా ఉంది. మనం రాకముందే ఎవరో స్టార్ట్ చేశారు. చల్లారిన ఇంజనే నిజం చెబుతుంది. రేపు పొద్దున వద్దాం, అంతదాకా ఎవరూ కిక్ కొట్టొద్దని చెప్పండి,” అన్నాడు. చల్లని స్థితిలో మొరాయించే ఇంజన్లను, కొనేవారు రాకముందే వేడిచేసి ఉంచడం అమ్మేవారి పాత ఉపాయమట. ఆ రాత్రి సత్రంలో నాకు నిద్ర పట్టలేదు. పూజగదిలో దీపం పెట్టుకొనే వృద్ధురాలు సైతం ఇంత కపటానికి పూనుకొన్నదే అని మనస్సు క్షోభించినది. కలిప్రభావం అనుకున్నాను కూడా.

మరునాడు పుష్కరఘాట్‌లో స్నానం ముగించుకొని తెల్లవారుతుండగానే వెళ్ళాము. మేస్త్రీ పరీక్షించిన తీరు ఒక శాస్త్రాధ్యయనం వలె ఉన్నది. మొదట శబ్దప్రమాణం: ఆర్‌సీ పుస్తకంలోని అక్షరాలు. హ్యాండిలు క్రింద చాసిస్‌పై చెక్కిన సంఖ్యను, ఇంజనుపై సంఖ్యను పుస్తకంతో సరిపోల్చి, అంకెలచుట్టూ ఆకురాయి పెట్టిన జాడలున్నవేమోనని వ్రేలితో తడిమి చూచాడు. అవి సరిపడేవరకు తక్కిన పరీక్షలు వ్యర్థమట.

తరువాత ప్రత్యక్షం. టాంకు మూత తీసి టార్చితో లోపలి త్రుప్పును చూచాడు. ముందు చక్రాన్ని పైకెత్తించి హ్యాండిలును మెల్లగా త్రిప్పాడు. నడుమ ఎక్కడైనా తట్టుకుంటే అక్కడి బేరింగులు అరిగినట్లే. వెనుక చక్రాన్ని ప్రక్కలకు ఊపి స్వింగ్ ఆర్మ్ బుష్‌ల వదులును పరీక్షించాడు. స్పోకులను స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటిగా మీటి, మ్రోగనివాటిని లెక్కపెట్టాడు; నాలుగు వదులు. సైలెన్సర్లు విప్పి, పొగ వెలువడే రంధ్రం గుండా పిస్టన్ల ప్రక్కలను చూపించాడు. నిలువు గీతలు స్వల్పం. స్పార్క్ ప్లగ్గులు తీస్తే, ఎడమదానికొన కాఫీగింజ రంగులో ఉన్నది, కుడిది నల్లగా, జిడ్డుగా ఉన్నది. ప్లగ్గు రంధ్రంలో వెలుగు వేసి పిస్టన్ తలపై అంకె ఏదీ లేదని నిర్ధారించాడు. దీని సిలిండరు సహజవ్యాసం 64 మిల్లీమీటర్లు. అరిగినకొలది పావు మిల్లీమీటరు చొప్పున తొలిచి, పెద్ద పిస్టన్ వేస్తూ పోతే, నాలుగు పర్యాయాలకు 65 చేరుతుంది. ఆపైన సిలిండరుకే కొత్త స్లీవు వేయవలసినదే. “దీన్ని ఒక్కసారి కూడా తొలవలేదు మేష్టారూ,” అన్నాడు. నాలుగు ఆశ్రమాలలో ఇది ఇంకా బ్రహ్మచర్యంలోనే ఉన్నదన్నమాట!

ఇక అనుమానం. కిక్ కొట్టగా మూడవసారికి ఇంజన్ పలికినది. రెండు గొట్టాలనుండి పొగ. నేను ఆందోళన చెందాను. అతడు నవ్వాడు. టూ-స్ట్రోక్‌లో పెట్రోలుతోపాటు నూనె కూడా దహనమవుతుంది. కనుక చల్లని ఇంజన్ పొగ వదలడం సహజం. ఇక్కడ కేవల ధూమం దోషానికి హేతువు కాదు. తార్కికులు ఇటువంటి దానినే వ్యభిచార హేతువంటారు: సాధ్యం లేనిచోట కూడా ఉండే హేతువు ఏదీ నిరూపించజాలదు. పది నిమిషాలు ఆగాము. ఎడమ గొట్టం పొగ పలుచబడినది. కుడి గొట్టం దట్టమైన తెల్లని పొగను విడువలేదు. దానిలో గేరాయిల్ వాసన. గేరుబాక్సులో ఆయిల్ కొలిస్తే తక్కువ. ఇవన్నీ కూడితేగాని అతడు నిర్ణయం చెప్పలేదు: కుడివైపు క్రాంక్ సీలు గట్టిపడి పగిలినది, క్లచ్ వైపునుండి ఆయిలును ఇంజన్ లోనికి పీల్చుకుంటున్నది. ఇంజన్ పూర్తిగా విప్పవలసినదే.

అప్పుడా తల్లి ఒక చెక్కపెట్టె తెచ్చి, “ఇవి కూడా ఆయనవే, మీకు పనికొస్తే తీసుకుపోండి,” అన్నారు. పెట్టెలో, నూనె కాగితంలో చుట్టి, వాడని రెండు పిస్టన్లు. తలపై 0.25 గుర్తు. ఎప్పటికో అవసరమవుతుందని ఆయన ముందుచూపుతో కొని దాచినవి. ఇటువంటివి నేడు వెదకినా దొరకడం కష్టం. మేస్త్రీ నావైపు చూచి, చూపు మరల్చుకున్నాడు.

“ధర సంగతి నాకు తెలియదు బాబూ. మా వీధిలో పాత బళ్ళు కొనే అతను యాభై వేలన్నాడు. మీరు దూరంనుంచి వచ్చారు, అంతే ఇవ్వండి,” అన్నారామె.

లక్షన్నరకు తక్కువ కాని వాహనం అది. ఆ మాట నా నాలుక చివర ఉండవలసినది, లేదు. “సరేనమ్మా,” అనలేదు గాని, కాదనీ అనలేదు. ఆమె కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళారు. ఆ అయిదు నిమిషాలలో నా బుద్ధి చేసిన పని చెప్పుకొనడానికి సిగ్గుగా ఉన్నది. అడిగిన ధర ఇవ్వడం దోషమా? సీలు ఖర్చు లేదా? నిన్న ఇంజన్ వేడిచేసి మోసగించబోయినది ఆమె కాదా? ఇచ్ఛ న్యాయవాది అయినప్పుడు వాదనలకు కొరత ఉండదు.

కాఫీ ఇస్తూ ఆమె తనంతట తానే అన్నారు: “నిన్న మా మేనల్లుడిచేత బండి స్టార్ట్ చేయించాను బాబూ. ఎవరైనా చూడటానికి వస్తే ఆయన ముందే వేడిచేసి ఉంచేవారు. వచ్చినవాళ్ళు కిక్ కొట్టి కాలు నొప్పి తెచ్చుకోకూడదనేవారు.”

గ్లాసు నా చేతిలో నిలువలేదు, క్రింద పెట్టాను. వేడి అనే హేతువునుండి కపటాన్ని నిశ్చయించాను. ఆతిథ్యంలో కూడా అదే వేడి ఉండవచ్చునని ఆలోచించనే లేదు. యంత్రం విషయంలో పది నిమిషాలు వేచి, వాసన చూచి, ఆయిలు కొలిచి గాని నిర్ణయించని మేము, మనిషి విషయంలో ఒక్క స్పర్శతో తీర్పు చెప్పాము. ఆమె మరుగుపరచినది ఏమీ లేదు. ఆ పెరట్లో నిజాన్ని మరుగుపరచినవాడిని నేనొక్కడినే.

“అమ్మా, ఇది యాభై వేల బండి కాదు. ఈ స్థితిలోనే లక్షన్నర పలుకుతుంది. కుడివైపు సీలు పోయింది, దాని ఖర్చు మాత్రం అందులో పోతుంది. ఆ పిస్టన్లకు వేరే ధర ఉంది, ఊరికే ఎవరికీ ఇవ్వకండి,” అన్నాను.

ఆమె కాసేపు నన్నే చూచి, “ఈ మాట కాఫీకి ముందే తెలుసా మీకు?” అని అడిగారు.

“తెలుసునమ్మా.”

ఆమె మరేమీ అనలేదు. బెంగుళూరులోని కుమార్తెతో మాట్లాడి చెబుతానన్నారు. రిక్తహస్తాలతో తిరిగి వచ్చాము. రైలులో మేస్త్రీ కూడా మౌనం వహించాడు. అయిదు దినాల తరువాత ఫోను వచ్చినది: పిస్టన్లతో సహా లక్షా నలభై వేలు. ఆర్‌సీ భర్తగారి పేరిట ఉన్నందున, ముందు ఫారం 31 ద్వారా ఆమె పేరిటికి, పిదప 29, 30 ఫారాలతో నా పేరిటికి మార్పించాము. నా వద్ద లేని నలభై వేలు అప్పు చేసి, ఆ దినమే చెల్లించాను.

ఇంజన్ విప్పినప్పుడు మేస్త్రీ అనుమానం అక్షరాలా నిజమైనది. సీలు పెదవి రాయివలె గట్టిపడి ఉన్నది. నా అనుమానం మాత్రం అప్పటికే అబద్ధమని తేలిపోయినది.

శాంతిపర్వంలో జాజలి అనే మహాతపస్వి కథ ఉన్నది. తలపై పక్షులు గూడు కట్టి పిల్లలను పెట్టినా చలించనివాడు, ధర్మం నేర్చుకొనడానికి వారణాసిలో తులాధారుడనే వర్తకుని వద్దకు వెళ్ళవలసి వచ్చినది. చిన్ననాటినుండి ఆ కథను ఒక వింతగా చదివాను. త్రాసు పట్టుకొన్నవాడికే తెలిసే విషయం ఒకటున్నదని ఇప్పుడు అర్థమవుతున్నది: తూచే వస్తువుపై ఆశ ఉన్న చేతిలో త్రాసు సమంగా నిలువదు. వాహనాన్ని పరీక్షించడానికి నిపుణుని వెంట తీసుకుపోయాను. పరీక్షించేవాడిని పరీక్షించడానికి ఎవరినీ తీసుకుపోలేదు. ఒక కాఫీ గ్లాసు ఆ పని చేసినది.

ఇప్పుడు ఉదయం కిక్ కొట్టినప్పుడు కొద్దిగా పొగ వచ్చి, నాలుగు నిమిషాలలో పలుచబడుతుంది. అంతవరకు ప్రక్కన నిలబడి ఎదురుచూస్తాను. దీనిని ఎవరైనా చూడటానికి వస్తామంటే, ముందే వేడిచేసి ఉంచుతాను. వారు నన్ను అనుమానిస్తే అనుమానించనీ.

స్వస్తి.