ఈగగాలము

చాలా రోజులకు ఈ పుట తెరిచాను. ఊళ్లో లేకపోవడం ఒక కారణం, బద్ధకం రెండవది. ఏది ప్రధానమో మిత్రులే నిర్ణయించుకోగలరు.

2024 వేసవిలో మా అబ్బాయి దగ్గర, అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో నాలుగు నెలలున్నాను. మనుమడికి పదకొండేళ్లు నిండబోతున్నాయి. బడిలో స్నేహితుడెవరో చెప్పగా వాడికి చేపలు పట్టాలనే కోరిక పుట్టింది. అదీ మామూలు గాలంతో కాదు, ఫ్లై ఫిషింగట. పుట్టినరోజుకు అదే కొనిపెట్టాలన్నాడు. మా అబ్బాయి కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తకుండానే, “నాన్నా, మీరూ వాడూ వెళ్లి చూడండి. మొదటిది కదా, నూటయాభై డాలర్లు దాటనివ్వకండి” అన్నాడు. తల ఎత్తకపోవడానికి కారణం పని ఒత్తిడే అయివుండవచ్చు. నాకు మాత్రం వేరే అనుమానం కలిగింది. అదేమిటో ముందు ముందు చెబుతాను.

ముందుగా మాట సంగతి. తెలుగు పండితుడికి వస్తువు కంటే ముందు దాని పేరు కనబడుతుంది. అది వృత్తిదోషం. గాలం అంటే నిజానికి కొక్కెం. కర్ర, దారం, బెండు, సీసం అన్నీ కలిపి కూడా మనం గాలమనే అంటాము. సంస్కృతంలో బడిశము. ఫ్లై అంటే ఈగ. ఈ విద్యలో వానపాముతో పని లేదు. కొక్కేనికి ఈకలు, బొచ్చు, పట్టుదారం చుట్టి, నీటి మీద వాలిన పురుగులాగా కట్టిన బొమ్మే ఎర. కనుక దీన్ని ‘ఈగగాలము’ అందామని మనుమడికి చెప్పాను. ఈగ యొక్క గాలమా, ఈగ కొరకైన గాలమా, ఈగ వంటి గాలమా అని విగ్రహవాక్యం దగ్గర నేను కొంతసేపు ఆగాను. వాడు ఆగలేదు. కోడలు కారు ఆపీ ఆపకముందే దుకాణం తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

లోపల గోడ పొడవునా కర్రలే. అరవై డాలర్ల వాటి నుంచి వెయ్యి దాటిన వాటి దాకా ఉన్నాయి. వెయ్యి డాలర్ల కర్రకూ అరవై డాలర్ల కర్రకూ తేడా ఎవరికి తెలుస్తుందని అడిగాను. అక్కడ పనిచేసే పెద్దాయన, నా ఈడువాడే, “చేపకు మాత్రం తెలియదు” అని నవ్వాడు. నా ఇంగ్లీషు ఆయనకూ, ఆయన ఇంగ్లీషు నాకూ సగం సగమే అర్థమయ్యాయి. మిగతా సగం మనుమడు పూరించాడు.

ఆయన చెప్పినది, తరువాత నేను చదివి సరిచూసుకున్నది కలిపి చెబుతున్నాను. మన గాలంలో బరువు సీసపు ముక్కది. విసిరితే అదే దారాన్ని లాక్కుని పోతుంది. ఈగకు బరువెక్కడిది? ఊదితే ఎగిరిపోతుంది. అందుచేత ఇక్కడ బరువంతా దారానికే పెట్టారు. దారం లావుగా, పూత పూసి, నీటిపై తేలేటట్లు ఉంటుంది. కర్రను వెనుకకూ ముందుకూ ఊపితే అది వంగి లేస్తూ ఆ దారాన్ని వలయంలాగా విప్పుతుంది. ఈగ దాని కొసను పట్టుకుని ఊరికే వెంటపోతుంది. కనుక కర్ర మీద వేసే అంకె చేప బరువును చెప్పదు. ఆ కర్ర మోయవలసిన దారం బరువును చెబుతుంది. అయిదో నంబరంటే దారంలో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగాలి. తులానికి 180 గ్రెయిన్లు. అంటే మన పాత కంసాలి లెక్కలో ముప్పాతిక తులం, పైన అయిదే గ్రెయిన్లు. ఈ లెక్క కుదిరినప్పుడు దుకాణంలో నాకు కలిగిన ఆనందం మనుమడికి అర్థం కాలేదు.

పరిగెల వంటి చిన్న చేపలకు మూడో నంబరు చాలు. సముద్రపు చేపలకు ఎనిమిది, ఆ పైన. ఆ ప్రాంతపు ట్రౌట్ చేపలకు అయిదు సరిపోతుంది. అదొక్కటే కొనదలచినవాళ్లు తొమ్మిది అడుగుల అయిదో నంబరు కర్ర కొంటే చాలా రకాల నీళ్లకు పనికివస్తుంది. కర్ర నంబరూ దారం నంబరూ ఒకటే కావాలి. నాలుగు ముక్కలుగా ఊడేదయితే సంచిలో పడుతుంది. ఇక స్వభావం. కొన్ని కర్రలు కొసన మాత్రమే వంగుతాయి. అవి వేగం గలవి, చేయి తిరిగినవాళ్లకు. కొన్ని నడుము దాకా వంగుతాయి. కొత్తవాళ్లు ఇలాంటివే కొనాలన్నాడాయన. దారం బరువు చేతికి తెలుస్తుందట. నిజమే. వెనుకకు వేసిన దారం పూర్తిగా చాచుకునేదాకా ఆగి అప్పుడే ముందుకు వేయాలి. యతిస్థానం గమనించకుండా పద్యం చదివేవాడు ఈ విద్యకు పనికిరాడు.

కర్ర ఇప్పుడు గ్రాఫైటుది. అది 1970లలో వచ్చింది. దానికి ముందు ఫైబర్ గ్లాసు, దానికి ముందు వెదురు. పందొమ్మిదో శతాబ్దంలో వెదురును చీల్చి, బద్దలు అతికి చేసిన ఖరీదైన కర్రలకు మన దేశపు వెదురే వెళ్లేది. దానికి కలకత్తా వెదురని పేరు. తరువాత చైనాలోని టోంకిన్ వెదురు వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ అనే దొర 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనీ, 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అనీ పుస్తకాలు రాశాడు. రెండవది చెరువుల్లో గాలం వేయడం మీదే. మన దర్శి అప్పుడు ఆ మద్రాసు రాజధానిలోనే, నెల్లూరు జిల్లాలో ఉండేది. చెరువు గట్టున కర్ర పట్టుకుని కూర్చునేవాడి మీద ఆ దొరకున్న గౌరవం 1998లో నాకు లేకపోయింది.

రీలు దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి గుర్తుకు వచ్చింది. నేను ఖరీదైన రీళ్ల వైపు చూస్తుంటే పెద్దాయన వారించాడు. పెద్ద చేప దారం లాక్కుని పరుగెత్తితే రీలులోని బిగువు పనికివస్తుంది గానీ, చిన్న చేపను దారం చేత్తో లాగే ఒడ్డుకు తెస్తారట. “ఈ పిల్లవాడికి రీలంటే దారం దాచుకునే డబ్బా, అంతే. డబ్బు మిగుల్చుకోవాలంటే ఇక్కడ మిగుల్చుకోండి, దారం మీద మాత్రం మిగల్చవద్దు” అన్నాడు.

డబ్బా అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

1998 జనవరి. మా అబ్బాయి పదో తరగతి. పరీక్షలకు రెండు నెలలు కూడా లేవు. ఒక ఆదివారం ప్రైవేటుకని వెళ్లినవాడు అక్కడ లేడని తెలిసి వెతుక్కుంటూ పోయాను. సాగర్ కుడికాలువ నుంచి మా వైపుకి వచ్చే బ్రాంచి కాలువ గట్టు మీద దొరికాడు. పక్కన వాడి తరగతి పిల్లవాడే ఇంకొకడు. మా అబ్బాయి చేతిలో సన్నని వెదురుకర్ర, నీళ్ల మీద నెమలి ఈక కాడతో చేసిన బెండు, ఒళ్లో ఖాళీ పాలడబ్బాకు చుట్టిన నైలాను దారం. ఊళ్లో అందరి పిల్లలకూ క్రమశిక్షణ గురించి చెప్పే మనిషిని నేను. కర్ర మోకాటికి అడ్డంగా పెట్టి విరిచాను. డబ్బా తీసి కాలువలోకి విసిరాను. అది వెంటనే మునగలేదు. కొంతదూరం తేలుతూ పోయింది. ఆ రెండో పిల్లవాడి వైపు తిరిగి, “నీకు చదువు ఎలాగూ రాదు, వీణ్ణెందుకురా చెడగొడతావు?” అన్నాను. ఇద్దరూ నా విద్యార్థులే.

మా అబ్బాయి మంచి మార్కులతో పాసయ్యాడు. ఆ మార్కులు నా మోకాటి బలమేనని చాలాకాలం నమ్మాను. ఆ రోజు సంగతి మా ఇద్దరి మధ్యా మళ్లీ రాలేదు. రెండో పిల్లవాడు ఆ ఏడు పరీక్ష తప్పాడు.

సరే, బేరం ముగిద్దాం. అయిదో నంబరు, తొమ్మిది అడుగులు, నాలుగు ముక్కల మెత్తని కర్ర, సాదా రీలు, తేలే దారం, కొసకు కట్టే సన్నని దారం, డజను ఈగలు, అన్నీ కలిపి పన్నుతో సహా నూట నలభై రెండు డాలర్లు. మన లెక్కలో పన్నెండు వేలకు కాస్త తక్కువ. దాంతోపాటు ఇంకొక సాదా రీలూ, ఇంకొక అయిదో నంబరు దారమూ నా డబ్బుతో కొన్నాను. ఎవరికని మనుమడు అడిగితే నాకే తెలియదన్నాను. అప్పటికి అది నిజం.

ఇంటి వెనుక పచ్చికలో వారం రోజులు సాధన చేశాము. ఈగ బదులు ఎర్ర ఉన్ని ముక్క కట్టమని పెద్దాయన చెప్పాడు, కొక్కెం చెవికి తగలకుండా. మంచి సలహా. ఆ ఉన్ని నా చెవికి కనీసం ముప్పైసార్లు తగిలింది.

తరువాతి శనివారం మా అబ్బాయే కారు తీశాడు. సెయింట్ జేమ్స్ అనే చిన్న ఊరి పక్కన మారమెక్ ఊట ఉంది. భూమిలోంచి రోజుకు సుమారు పది కోట్ల గ్యాలన్ల నీరు ఉబికి వస్తుంది. ఎండాకాలంలోనూ కాళ్లు పెట్టలేనంత చల్లదనం. పక్కనే 1826లో మొదలైన ఇనుప కర్మాగారపు శిథిలాలు. నీళ్లలో ట్రౌట్ చేపలు కనబడుతూనే ఉంటాయి. అవి ఆ నేల చేపలు కావు. జాతి పశ్చిమతీరపుది, పెంపకం ప్రభుత్వానిది. పదహారేళ్లలోపు పిల్లలకు లైసెన్సు అక్కరలేదు గానీ, ఆ రోజుకని ఒక చీటీ మాత్రం కొనాలి. మా అబ్బాయి తనకూ లైసెన్సు తీసుకున్నాడు. అది నేను ఊహించలేదు.

మనుమడు గంటసేపు వేసి అలసిపోయి కర్రను తండ్రికిచ్చాడు. మూడో విసురుకే ఒక చేప ఈగను అందుకుంది. మావాడు దర్శి కాలువ గట్టున లాగినట్లు ఒక్క గుంజు గుంజాడు. కొసదారం పుటుక్కున తెగింది. మనుమడు తలపట్టుకున్నాడు. వాడు నవ్వుతూ వచ్చి నా పక్కన రాతి మీద కూర్చున్నాడు. కాసేపటికి, నీళ్ల వైపే చూస్తూ, “ఆ గాలం నాది కాదు నాన్నా” అన్నాడు.

ఏ గాలమని నేను అడగలేదు.

కర్ర, డబ్బా, దారం అన్నీ ఆ రెండో పిల్లవాడివట. తల్లి మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయేది. వీడు సెలవు రోజుల్లో చేపలు పట్టి ఇళ్లకు అమ్మేవాడు. నైలాను దారం, కొక్కేలు ఆ డబ్బుతోనే కొనుక్కున్నాడు. మా అబ్బాయి సరదాకు అడిగితే కాసేపు పట్టుకోనిచ్చాడు, అంతే. మర్నాడు మా అబ్బాయి తన జామెట్రీ బాక్సు వాడికిచ్చి, పోయిందని నాతో చెప్పాడు. పోగొట్టినందుకు నేను తిట్టి కొత్తది కొనిచ్చాను. అది నాకు బాగా గుర్తుంది. “మీరు నన్ను కొట్టినా బాగుండేది. వాణ్ణి ఆ మాటనకుండా ఉండవలసింది” అన్నాడు. అని లేచి వెళ్లి మనుమడికి కొత్త ఈగ కట్టిచ్చాడు. ఆ సాయంత్రం దాకా ఇంకేమీ అనలేదు. మనుమడు రెండు చేపలు పట్టాడు.

దర్శికి తిరిగివచ్చాక ఆ రెండో పిల్లవాడి కోసం వాకబు చేశాను. పిల్లవాడేమిటి, నలభై దాటినవాడు. మోటార్లు రివైండింగు చేసే చిన్న షాపు పెట్టుకున్నాడు. పొలాల బోరు మోటార్లు కాలితే అక్కడికే తెస్తారు. నన్ను చూసి లేచి నిలబడి స్టూలు తుడిచి వేశాడు. నేను రీలు తీసి చేతిలో పెట్టాను. తిప్పి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తిప్పాడు. “ఇందులో బేరింగు లేదు సార్, బుష్ వేశాడు. అయినా బాగా చేశాడు” అన్నాడు.

అప్పుడు చెప్పాను. కర్ర సంగతి, డబ్బా సంగతి, ఎవరివో నాకు తెలియని సంగతి. క్షమించమనే మాట తెలుగు పండితుడికి కూడా అంత సులభంగా నోట రాలేదు. వాడు రీలును చూస్తూనే విన్నాడు.

“డబ్బా సంగతి నాకు గుర్తే లేదు సార్,” అన్నాడు. “మీరన్న మాట గుర్తుంది.”

ఇద్దరమూ ఊరుకున్నాము. ఇంతలో ఒక రైతు ట్రాక్టరు మీద మోటారు వేసుకుని వచ్చాడు. వాడు వెళ్లి దాన్ని దింపించి, ఎంతవుతుందో చెప్పి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. లావుపాటి దారం చుట్టను అరచేతిలో పెట్టి బరువు చూశాడు. బరువు దారానిదేనని నేను చెప్పనక్కరలేకపోయింది.

“దీనికి కర్ర ఏది సార్?”

కర్ర తేలేదన్నాను. రీలూ దారమే తెచ్చానన్నాను.

“వెదురు నేను చూస్తాలెండి. కొస సన్నగా ఉండాలా, నడుము వంగాలా?”

నడుము వంగాలన్నాను. కాలువకు నీళ్లు వదిలాక ఒక ఆదివారం రమ్మన్నాడు.