తుమ్మికూర కోసం ఇంద్రవెల్లి దాకా

పోయిన ఆషాఢంలో మా అమ్మకు జ్వరం వచ్చింది. పదిరోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చిందన్న మాటేగాని, అన్నం పెడితే రెండు ముద్దలు కెలికి పళ్లెం జరిపేసేది. "నోరంతా చప్పగున్నదే" అనేది. టమాట పప్పు చేశాను, బీరకాయ చేశాను, పచ్చిపులుసు చేశాను. దేనికీ చెయ్యి సాగలేదు. ఒకరోజు తనంతట తనే, "తుమ్మికూర ఉంటే ఇంత తిందును బిడ్డా" అంది.

ఓస్ అంతే కదా అనుకున్నాను. కరీంనగర్ మార్కెట్లో అడిగితే "వినాయక చవితి ముందురోజు రా అమ్మా, అప్పుడు వస్తది" అన్నారు. చవితి ఇంకా చాలా దూరంలో ఉంది. మా ఇంటి వెనక ఖాళీ ప్లాటులో తెల్లపూల మొక్కలు కనిపిస్తే అవే అనుకొని కొంగునిండా కోసుకొచ్చాను. అమ్మ ఒక ఆకు నలిపి వాసన చూసింది. "ఇది తుమ్మి కాదే. పారెయ్యి, ఎవలన్న తింటె ఏమన్న అయితది" అంది.

నాకు నలభై ఆరేళ్లు. గోబీ మంచూరియా నేర్పమని ఇరుగుపొరుగు వాళ్లు నా దగ్గరికి వస్తారు. అలాంటిది, చిన్నప్పుడు ఏటేటా తిన్న ఆకును మొక్క మీద గుర్తుపట్టలేకపోయాను. అమ్మ కోసుకొచ్చేది, నేను తినేదాన్ని. అంతవరకే నాకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

జగిత్యాల దగ్గర పుట్టింట్లో ఉండే తమ్ముడికి ఫోన్ చేశాను. "ఎక్కడిదక్కా, మక్క చేన్లల్ల గడ్డిమందు కొట్టవట్టినంక తుమ్మి లేదు, పొన్నగంటి లేదు. బతుకమ్మకు గునుగు పువ్వే ఎతుక్కోవాల్సి వస్తుంది" అన్నాడు. ఉట్నూరులో ఉండే మా చెల్లె మాత్రం, "సోమవారం ఇంద్రవెల్లి అంగడి ఉంటది, రా అక్కా, నువ్వే చూసి కొందువు" అంది.

అమ్మను మా ఆడపడుచుకు అప్పజెప్పి ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డు సంచిలో వేసుకుంటే చాలు. జగిత్యాల దాటి ధర్మపురిలో నరసింహస్వామికి బస్సులోంచే దండం పెట్టుకున్నాను. రాయపట్నం వంతెన మీద అందరం కిటికీల్లోంచి తలలు బయట పెట్టాం. గోదావరి కొత్తనీళ్లతో ఎర్రగా పారుతోంది. లక్షెట్టిపేటలో బస్సు మారాను. జన్నారం నుంచి ఇక అడవే. ఇదంతా కవ్వాల్ పులుల అభయారణ్యం, 2012లో ప్రకటించారు. పులి కనబడలేదు గాని, టేకు చెట్లన్నీ తెల్లటి పూతతో బియ్యపు నూక చల్లినట్టు ఉన్నాయి. ఇన్నేళ్లలో టేకు పూస్తుందన్న సంగతే నేను గమనించలేదు!

మర్నాడు ఇంద్రవెల్లి వెళ్లాం. ఈ ఊరి పేరు వింటే పెద్దవాళ్లకు 1981 ఏప్రిల్ 20 గుర్తొస్తుంది. గోండుల సభ మీద పోలీసు కాల్పులు జరిగిన రోజు. అదీ సోమవారమే, అంగడి రోజే. చనిపోయినవాళ్ల స్తూపం అక్కడ ఉంది. చెల్లె చూపిస్తే కాసేపు నిలబడి, తర్వాత అంగట్లోకి నడిచాం.

అంగడి అంటే మన మార్కెట్ లాగా తక్కెడలు, కాంటాలు అనుకోకండి. అడవి సరుకు చాలామటుకు కుప్పల లెక్కే. బోడకాకరకాయలు, ఒలిచిన లేత వెదురు కొమ్ములు, లేత మక్కకంకులు. ఒక గోండు పెద్దమ్మ ముందు నాకు కావలసింది కనబడింది గాని, ఒకసారి మోసపోయిన దాన్ని కదా, చెయ్యి చాచలేకపోయాను. మా చెల్లె సంగతి చెప్పింది. ఆ పెద్దమ్మ నవ్వలేదు. ఒక కొమ్మ నా చేతికిచ్చి కాడను వేళ్ల మధ్య తిప్పమంది. గుండ్రంగా లేదు, నాలుగు పలకలుగా ఉంది. కణుపు కణుపుకూ చుట్టూ గుత్తిగా చిన్న చిన్న తెల్లపూలు. ఆకు సన్నగా, పొడుగ్గా ఉంది. నలిపితే ఘాటు వాసన. ఒక్కసారిగా మా పాత వంటిల్లు గుర్తొచ్చింది! "పువ్వు ఎక్కువొస్తె ఆకు ముదురుతది. కొసలే గిచ్చుకోవాలె" అంది. పోయేదాకా వాడకుండా ఉండాలని టేకాకులో చుట్టి ఇచ్చింది.

కొత్త పంట చేతికొస్తే దేవుడికి పెట్టనిదే గోండులు నోట పెట్టరట. మనం మాత్రం ఏ కూర ఏ నెలలోదో మరిచిపోయి పన్నెండు నెలలూ క్యాబేజీ, టమాటలతో గడిపేస్తున్నాం. చింతచిగురు చైత్ర వైశాఖాలకు, సీతాఫలం దసరాకు, అనపకాయలు, రేగుపండ్లు సంక్రాంతికి. ఇవైనా నా బిడ్డకు చెప్పానా అంటే లేదు.

చెల్లె ఇప్పపువ్వు లడ్డూలు కూడా ఒక డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఫాల్గుణ చైత్రాల్లో తెల్లవారుజామున రాలిన పువ్వును ఏరి ఎండబెట్టి దాచుకుంటారు. దాన్ని వేయించి నువ్వులు, పల్లీలు, బెల్లంతో కలిపి దంచుతారు. ఆదిలాబాద్ ఆడవాళ్ల ఇప్పపువ్వు వంటల సంగతి 2025 మార్చిలో ప్రధానమంత్రి రేడియోలో చెప్పారు కూడా. నాకైతే మొదటి లడ్డూ వాసన కొత్తగా అనిపించింది, రెండోది మాత్రం ఎవరూ చెప్పకుండానే తిన్నాను.

వెదురు కొమ్ములు కొనేవాళ్లకు ఒక మాట. పచ్చివి నేరుగా కూరలో వెయ్యకండి. సన్నగా తరిగి బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు తాలింపు వేసుకోవాలి. చేదు, దోషం రెండూ పోతాయి.

మంగళవారం సాయంత్రానికి ఇల్లు చేరాను. అమ్మ మంచం మీదే కూర్చుని టేకాకు విప్పింది. నేను కూర్చుని గిల్లుతుంటే, "కాడ వెయ్యకు, పువ్వు తీసెయ్యి" అంటూ ఒక్కొక్కటీ చెప్పింది. వానాకాలపు ఆకుకు మట్టి ఎక్కువ, నాలుగు నీళ్లు కడిగాను. గుప్పెడు పెసరపప్పు పలుకుగా ఉడకబెట్టుకొని, మూకుట్లో నూనె, జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన ఎల్లిపాయలు, ఒక ఉల్లిగడ్డ వేసి వేగాక ఆకు వేశాను. అది దగ్గరపడ్డాక పప్పు, పసుపు, ఉప్పు, రెండు చెంచాల చింతపండు పులుసు. మూత పెట్టకూడదట, అమ్మ మాట. ఆకు కొంచెం చేదే, పులుసు పడితే ఆ చేదు నోటికి హితవుగా ఉంటుంది.

కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయిని కూడా పిలిచి ఆ కాడను వేళ్ల మధ్య తిప్పించాను. "స్క్వేర్‌గా ఉందేంటమ్మా" అంది. మిగిలిన ఒక కొమ్మను ముదురు పూలతో సహా పెరట్లో తొట్టి మట్టిమీద పడేశాను, గింజ రాలితే మొలవకపోదు.

అమ్మ జొన్నరొట్టెతో ఒకటిన్నర రొట్టె తిన్నది. చెయ్యి కడుక్కుంటూ, "ఉప్పు తక్కువైందే" అంది.