క్యాసెట్టు లేని ఆటపెట్టె

సావనీరుకు ఏదైనా రాయమంటే మా పాత విద్యార్థులు వార్డెన్ గారి గురించో, ఆదివారం కోడికూర గురించో రాస్తారు. నేను కంప్యూటర్లు బిగించి, బాగుచేసి బతికేవాణ్ణి. కనుక నాకు తెలిసిన ఒక పెట్టె గురించి రాస్తాను. అది బజారుకే రాలేదు. పేరు ఫాంటమ్. అంటే దెయ్యమనే అర్థం.

2003 జనవరిలో ఇన్ఫినియం ల్యాబ్స్ అనే అమెరికా కంపెనీ దాన్ని ప్రకటించింది. అప్పట్లో ప్లేస్టేషన్ 2కైనా, ఎక్స్‌బాక్స్‌కైనా ఆట డిస్కు కొనాలి. ఫాంటమ్‌కు డిస్కు ఉండదు. ఆటలన్నీ ఇంటర్నెట్ తీగలోంచి దిగి హార్డ్‌డిస్కులో కూర్చోవాలి. లోపల ఏముందయ్యా అంటే ఎ.ఎం.డి. ప్రాసెసరు, ఎన్విడియా గ్రాఫిక్స్, విండోస్ ఎక్స్‌పీలోనే ఒక రకం. అంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో దొరికే సామానే! ఈ సంగతి చదివినప్పుడు నాకు భలే సంతోషమేసింది. మనం బిగించే పెట్టెనే టీవీ కింద పెట్టి అమ్ముతారన్నమాట.

ఇందులో తెలివి ఉంది. కొత్త చిప్పు తయారుచేయించే ఖర్చు లేదు, కంప్యూటర్ కోసం రాసిన ఆటలు ముందే ఉన్నాయి. చిక్కూ అక్కడే ఉంది. పెద్ద కంపెనీలు పెట్టెను చౌకగా ఇచ్చి డిస్కుల మీద రాబట్టుకుంటాయి. బజారు సామానుతో కట్టిన పెట్టెకు కంప్యూటరంత ఖర్చవుతుంది. అందుకే 2004లో లాస్ ఏంజలెస్ ప్రదర్శనలో, రెండేళ్లపాటు నెలకు 29.95 డాలర్లు కడితే పెట్టె ఉచితమన్నారు. ఇక తీగ సంగతి. 256 కేబీ లైనులో ఒక జీబీ దిగాలంటే సుమారు 9 గంటలు. మన డయలప్ లైనైతే రెండు రోజులు కూర్చోవాలి, మధ్యలో ఎవరూ ఫోనెత్తకుండా!

2004 నవంబరులో వస్తుందన్నారు, రాలేదు. 2006లో షేర్ల వ్యవహారంలో వ్యవస్థాపకుడి మీద అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ కేసు వేసింది. పెట్టె అటకెక్కింది. 2008లో ఒళ్లో పెట్టుకునే కీబోర్డు మాత్రం వచ్చింది.

ఆలోచన మాత్రం చావలేదు. 2009లో బ్రెజిల్‌లో జీబో అనే పెట్టె వచ్చింది. దాంట్లో ఫోను చిప్పు, ఆటలు మొబైల్ నెట్‌వర్క్ మీద దిగేవి. 2011లో అదీ ఆగిపోయింది. 2013 ప్లేస్టేషన్ 4లో కంప్యూటర్ జాతి ఎ.ఎం.డి. చిప్పే పెట్టారు. 2020 నవంబరులో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్ డిస్కు గూడు లేకుండానే వచ్చాయి. ఫాంటమ్ వాళ్లు చెప్పింది చాలా ఏళ్లకు వేరేవాళ్లు చేశారు.

తమ్ముళ్లారా, నా బాధ వేరే. మా గదిలో పదహారు మందికి ఒకటే ఇంగ్లీషు గైడు. అట్ట ఊడిపోయినా అందరం దానితోనే పాసయ్యాం. ట్రంకుపెట్టెల మీదుగా చేతులు మారడమే మన చదువు. దిగుమతి చేసుకున్న ఆట అలా చేతులు మారదు. అది కొన్నవాడి ఖాతాకు కట్టేసి ఉంటుంది. 2023 మార్చిలో నింటెండో తన 3డీఎస్, వీ యూ పెట్టెల ఆన్‌లైన్ దుకాణం మూసేసింది. ఇక వాటిలో కొత్తగా ఆట కొనేందుకు లేదు. పాత క్యాసెట్టయితే సంతలోనైనా దొరుకుతుంది.

మొన్న ఒక కుర్రాడు డిస్కు గూడు లేని పెట్టె తెచ్చాడు. "అన్నా, ఇందులో ఆడేసినవి నాలుగున్నాయి. మా చిన్నాన్న కొడుక్కి వాడి పెట్టెలో ఎక్కించి ఇవ్వవా?" అన్నాడు. కుదరదురా, ఖాతాతో పాటే ఇవ్వాలన్నాను. ఫ్యానులో దుమ్ము దులిపి, పేస్టు మార్చి, వంద రూపాయలు తీసుకుని పంపించాను.