రెండు నిమిషముల విమానయానము

దూరమును వేగముచే భాగించినచో కాలము వచ్చునని మేము ఏటేట తరగతిలో బోధించుచున్నాము. ఈ సూత్రమునకు మంచి పరీక్షగా నుండు ప్రయాణ మొకటి స్కాట్లండునకు ఉత్తరమున నున్న ఆర్క్నీ దీవులలో కలదు. దానిని గూర్చి మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును కొంచెము చెప్పదలచితిమి.

ఆర్క్నీ సుమారు 70 దీవుల సముదాయము. వానిలో మనుష్యులు నివసించునవి ఇంచుమించు ఇరువది మాత్రమే. ఉత్తరపు కొనను వెస్ట్రే, పాపా వెస్ట్రే యను దీవులు ప్రక్కప్రక్కనే యున్నవి. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క చిన్న విమానాశ్రయము కలదు. ఈ రెంటి నడిమి దూరము 2.7 కిలోమీటర్లు. శంషాబాదు విమానాశ్రయమున పెద్ద రన్‌వే పొడవే 4.26 కిలోమీటర్లు, అనగా ఈ యాత్ర యంతయు ఆ బాటమీదనే ముగిసిపోవును! 1967వ సంవత్సరమున లోగనేర్ సంస్థవారు దీనిని ప్రారంభించిరి. కాలపట్టిక ప్రకారము నడచు విమానయానములలో లోకమందెల్ల పొట్టిది ఇదియే.

ఇక లెక్కకు వత్తము. అచట నడచు ఐలాండర్ అను చిన్న విమానము గంటకు సుమారు 240 కిలోమీటర్ల వేగమున పోగలదు. మన సూత్రము చొప్పున 40 సెకండ్లు చాలవలెను. కాని కాలపట్టిక 2 నిమిషములు చూపును. మిక్కిలి శీఘ్రముగా సాగిన ప్రయాణమునకు సైతము 53 సెకండ్లు పట్టినది. కారణ మేమన, విమానము నేలమీద పరుగిడవలెను, గాలికెదురుగా లేవవలెను. పూర్ణవేగము నందుకొనక మునుపే దిగుటకు సిద్ధపడవలెను. 2 నిమిషములకు లెక్కించినచో సగటు వేగము గంటకు 81 కిలోమీటర్లే. దూరము తగ్గినకొలది బయలుదేరుటకును ఆగుటకును పట్టు కాలమే అధిక భాగమగును.

"ఇంత కొద్ది దూరమునకు విమాన మేల? పడవ చాలదా?" అని మా విద్యార్థి యొకడు అడిగెను. పడవయును కలదు. అయినను ఉత్తరపు గాలివానలలో ఆ సన్నని సముద్రపుపాయ సామాన్యమైనది కాదు. ఏటి యవతల కంటికి కనబడుచున్న బడి, వఱద వచ్చిన దినమున ఎంత దూరమో మన లంకగ్రామముల పిల్లల నడిగినచో చెప్పుదురు. ఆ విమానమున విహారార్థులే కాక ఉపాధ్యాయులును, విద్యార్థులును, రోగులును ప్రయాణము చేయుదురు. కొలదిమంది పిల్లలకు పాఠము చెప్పుటకై ఉపాధ్యాయుడు ఆకాశమార్గమున పోవుననగా మా హృదయములు పొంగినవి.

ఆ దీవి పేరులోని "పాపా" యను మాట పూర్వము అచట వసించిన క్రైస్తవ సన్న్యాసులను సూచించును. అది గురువుల దీవి యన్నమాట. 12వ శతాబ్దమున కట్టిన సెయింట్ బోనిఫేస్ దేవాలయము నేటికిని అచట నిలిచియున్నది. అలలకు వెఱువక ఆ గురువులు పడవలలో వచ్చిరి. నేటి గురువులు రెక్కలమీద వచ్చుచున్నారు.

2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో పాపా వెస్ట్రేయందున్నవారు 90 మంది. ఇంత స్వల్ప జనమునకు విమానము నడుపుట వ్యర్థవ్యయ మనువారు ఉండవచ్చును. కాని తొంబదితొమ్మిది గొఱ్ఱెలను విడిచి తప్పిపోయిన యొక్కదానికై కొండలకు పోయిన కాపరి లెక్క మన పాఠశాలకు క్రొత్తది కాదు. ఆ లెక్కలో దూరమును ఏ వేగముచేతను భాగింప బనిలేదు.