రాసినట్టా, రాయనట్టా?

గుమాస్తా బతుకును చూసి నవ్వనివాడు లేడు. కథల్లో నవ్వారు, నాటకాల్లో నవ్వారు, సినిమాల్లో అయితే సరేసరి. కళ్ళజోడు, చెవిసందున కలం, బల్ల మీద ఫైళ్ళ గుట్ట, నోట "రేపు రండి" అనే మాట. ఇంతే కదా గుమాస్తా అంటే! మేమూ నవ్వుతాము, నవ్వితే పోయేదేమీ లేదు. కాని యాభై ఏళ్ళ కిందటి కాగితం ఒకటి దొరికితే పిల్లవాడికి కాలేజీలో సీటు, దొరక్కపోతే లేదు అన్ననాడు, నవ్విన పెద్దమనుషులే వచ్చి మా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. కాగితం రాయడం ఒక విద్య అయితే, రాసినదాన్ని తిరిగి చేతికి అందేట్టు దాచడం అంతకన్న పెద్ద విద్య అని ఆనాడు అందరికీ తెలిసివస్తుంది.

మన నాందేడువారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1956 అక్టోబరు ఆఖరు దాకా మన జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో వుండేది. నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలో చేరింది. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర అయింది. తాతల నాటి దస్త్రాలు ఉర్దూలో, తండ్రుల నాటివి మరాఠీలో, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగులో. పైగా మనకు ఇంటిపేరు ముందు, మరాఠీవారికి ఇంటిపేరు చివర. మనవాడు తన పద్ధతిలో పేరు చెప్పి, రాసే ఆయన తన పద్ధతిలో రాసుకుంటే, ఇంటిపేరు కాస్తా మనిషి పేరయి కూర్చుంటుంది. కాగితం ఎక్కడికీ పోలేదు, బస్తాలోనే భద్రంగా వుంది. సూచికలో మాత్రం వేరే అక్షరం కింద వుంది. వెతికేవాడికి అది లేనట్టే లెక్క. 2023లో విశ్రాంత న్యాయమూర్తి సందీప్ షిండే గారి సమితి కుణబీ నమోదుల కోసం మరాఠ్వాడా జిల్లాల్లో నిజాము కాలపు దస్తావేజులు తీయించినప్పుడు, ఉర్దూ, మోడీ లిపి చదవగలవారు ఎంత అవసరమయ్యారో మీరు చూసే వుంటారు. పాత పుస్తకంలో ఒక్క పంక్తి, దాని మీద ఒక కుటుంబం ఆశ!

ఇక అసలు సంగతికి వస్తాము. మా మేనల్లుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. "ఏం పని చేస్తాడమ్మా మీవాడు?" అని సంబంధాలవాళ్ళు అడిగితే మా చెల్లెలు నీళ్ళు నములుతుంది. దానికి తెలిసినవి "ఫైల్ సిస్టమ్" అనే రెండు ముక్కలే. ఒకసారి ధైర్యం చేసి, "మా అన్నయ్యలాగే ఫైళ్ళ పని" అని చెప్పిందిట. ఆ సంబంధం మళ్ళీ మాట్లాడలేదు.

మొన్న ఉగాదికి వాడు వచ్చినప్పుడు మేమే కూర్చోబెట్టి అడిగాము. "ఒరే నాయనా, నువ్వు చేసేదేమిటో మా బోటి మెట్రిక్కువాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పరా."

"ఏముంది మామా! మీ రికార్డు రూమునే నేను డిస్కు మీద నడుపుతున్నా" అన్నాడు.

మొదట పరాచికమనుకున్నాము. విన్నకొద్దీ ముచ్చటేసింది. కంప్యూటరులో గాని, మన చేతిలోని ఫోనులో గాని ఒక ఫోటో దాచామనుకోండి. దాని పేరు ఒక చోట వుంటుంది, దాని వివరం ఇంకో చోట వుంటుంది, అసలు సరుకు మరో చోట వుంటుంది. వివరం రాసే చీటీకి ఐనోడ్ అని పేరు. ఫైలు ఎవరిది, ఎప్పటిది, ఎంత పెద్దది, ఏ అరలో వుంది అన్నీ ఆ చీటీలో వుంటాయి. దాని పేరు మాత్రం అందులో వుండదు! పేర్లకు వేరే సూచిక, చీటీకి ఒక నంబరు. అచ్చంగా మా ఆవక రిజిస్టరు, అరల పట్టీ, బస్తా లాంటి ఏర్పాటే. ఏ అర ఖాళీగా వుందో, ఏది నిండిందో చూపే పట్టిక ఇంకొకటి.

పట్టికకూ అరకూ పొత్తు కుదరకపోవడమే జబ్బు. అర ఖాళీగా వున్నా పట్టికలో నిండినట్టు వుంటే, చోటు వృథా. అది చిన్న జబ్బు. అర నిండివున్నా పట్టికలో ఖాళీ అని వుంటే? కొత్త ఫైలు తెచ్చి పాతదాని మీద పెట్టేస్తారు. అది ప్రాణాంతకం. ఇలాంటి దోషాన్ని వాళ్ళు "బగ్" అంటారు. అంటే పురుగు. మాకూ పురుగులు తెలుసు, కాకపోతే మావి చెదపురుగులు.

"కరెంటు పోతే ఎట్లారా మరి?" అని మా ఆవిడ అడిగింది. వేసవిలో మనకు పుట్టే మొదటి ప్రశ్న అదే కదా! దానికి వాడు చెప్పిన జవాబు మన షావుకార్ల అంగడిలో వందల ఏళ్ళుగా వున్నదే. ముందు చిట్టాలో రాయి, తరువాత ఆవర్జాకు ఎక్కించు. ఆవర్జాకు ఎక్కిస్తుండగా దీపం ఆరిపోయిందా, వెలిగాక చిట్టా చూసి మళ్ళీ ఎక్కించు. చిట్టాలోనే సగం రాసి ముగింపు గీత గీయలేదా, ఆ పద్దు జరగనట్టే కొట్టివెయ్యి. దీన్ని జర్నల్ అంటారు. లినక్సు అనే ప్రసిద్ధ వ్యవస్థలో స్టీఫెన్ ట్వీడీ అనే ఆయన ఈ పద్ధతిని తెచ్చారు. ఎక్స్‌ట్3 అనే పేరుతో 2001లో అది ముఖ్యమైన కోడులో చేరింది. అంతకు ముందు కరెంటు పోయి వస్తే డిస్కంతా ఈ మూల నుంచి ఆ మూలకు తనిఖీ చేయవలసి వచ్చేది. పెద్ద డిస్కయితే గంటలు పట్టేది.

తరువాత వచ్చినది ఎక్స్‌ట్4. 2008లో స్థిరపడింది. పని తగ్గించడం ఎట్లాగో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. పాత పద్ధతిలో 128 మెగాబైట్ల ఫైలు వుంటే, అది వున్న అరలు 32,768. అన్నిటికీ విడివిడిగా పద్దు రాయాలి. కొత్త పద్ధతిలో అరలన్నీ వరసగా వుంటే "ఫలానా అర మొదలు ఇన్ని" అని ఒక్క పంక్తి చాలు. మా కచేరీలో 1 నుంచి 500 వరకు బస్తా నంబరు ఒక్కటే రాసుకున్నట్టు. వినగానే "భేష్" అన్నాము.

కాని వేగం వచ్చిన చోటికే ప్రమాదమూ వచ్చిందిట. ఒక్కొక్క కాగితానికీ లేచి అర దగ్గరకు నడవడం దేనికి, కొన్ని పోగయ్యాక ఒక్కసారే పెడదాం అన్నది ఎక్స్‌ట్4 పెట్టిన మరో సదుపాయం. మంచిదే. అయితే ఆ పోగు చేతిలో వుండగా కరెంటు పోతే? 2009లో కొందరికి అదే జరిగింది. యంత్రం మళ్ళీ లేచేసరికి ఫైలు పేరు వుంది, చీటీ వుంది, లోపల సరుకు సున్నా. "భద్రంగా పెట్టమని ప్రోగ్రాములు విడిగా అడగాలి, అది నియమం" అన్నారు ఆ వ్యవస్థను చూసే థియోడర్ త్సో. నియమం ప్రకారం ఆ మాట నిజమే. అయినా జనం అలవాటును కాదనలేక, కొన్ని సందర్భాల్లో సరుకును వెంటనే అరకు చేర్చేట్టు కోడు సవరించారు. నియమం మనదే అయినా నష్టం ఎదుటివాడిదయినప్పుడు నియమాన్ని కాస్త వంచడం మర్యాద అని మాకు తోచింది.

ఇంకొక ఉదంతం మమ్మల్ని మరీ ఆలోచనలో పడేసింది. "భద్రంగా రాయి, రాశాక చెప్పు" అని అడిగే పిలుపు పేరు ఎఫ్‌సింక్. 2018లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసువాళ్ళు ఒక చిత్రం కనిపెట్టారు. డిస్కు చెడి రాయలేకపోతే, లినక్సు ఆ మాట ఒక్కసారి చెబుతుంది. మళ్ళీ అడిగితే, "అంతా సవ్యం" అనేది! రాయలేదన్న సంగతి చెప్పేశాను గనుక నా బాధ్యత తీరింది అన్న ధోరణి. డేటాబేసేమో, మళ్ళీ అడిగాము, సరే అన్నది, అంటే రాసినట్టే అనుకునేది. తరవాతి ఏడు, 2019లో, డేటాబేసువాళ్ళే దారి మార్చుకున్నారు. ఒక్కసారి కాదంటే చాలు, పని ఆపేసి చిట్టా నుంచి మొదలు పెట్టడమే. మా కచేరీల్లో ఈ మాయ తెలియనిదెవరికి? "రిమైండరు వేశాను" అన్నంత మాత్రాన ఉత్తరం చేరినట్టా? ఒక పింఛనుదారుడి ఫైలు మీద జావక నంబరు పడి వుంటుంది, కాగితం మాత్రం ఎక్కడో బల్ల సొరుగులో వుంటుంది. రిజిస్టరు చూసిన ప్రతివాడూ "పంపించారు కదా" అంటాడు. ఆ ముసలాయన మాత్రం నెల నెలా బ్యాంకు మెట్లెక్కి దిగుతూనే వుంటాడు.

దోషం వెతకడంలోనూ న్యాయం తప్పుతుందిట. 2018 చివర లినక్సు 4.19లో ఫైళ్ళు పాడవుతున్నాయని గోల పుట్టింది. అందరూ ఎక్స్‌ట్4ను ఆడిపోసుకున్నారు. డిసెంబరులో తేలిందేమంటే, తప్పు దాని కిందనున్న అంచెది. సరుకు డిస్కుకు మోసే భాగానిది. చెడిన ఫైలు ఎవరి చేతిలో కనిపిస్తే వాడే దొంగ అనడం మనుషులకు అన్ని చోట్లా అలవాటే. 2023 డిసెంబరులో ఇంకొకటి. ఒక సవరణను పాత కోడుకు తగిలించారు, దానికి జోడుగా వుండవలసిన ముందు సవరణను తగిలించడం మరిచారు. విడిగా చూస్తే సవరణ సరైనదే. జోడు లేక సరుకు పాడు చేసింది. డెబియన్‌వాళ్ళు తమ 12.3 విడుదలను ఆపుకుని, 12.4 తేవలసి వచ్చింది. కొత్త జీ.ఆర్. ఒకటి వచ్చి, అది ప్రస్తావించే పాత జీ.ఆర్. మా దగ్గరకు రానప్పుడు మేము పడే అవస్థ సరిగ్గా ఇదే.

"ఇరవై ముప్ఫయి ఏళ్ళుగా రాస్తున్న కోడులో ఇంకా తప్పులా?" అని మేము ఆశ్చర్యపోతే, వాడు ఒక పరిశోధన చెప్పాడు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంవారు 2013లో ప్రకటించినది. ఆరు ఫైల్ సిస్టములకు ఎనిమిదేళ్ళలో జరిగిన 5,079 సవరణలను కూర్చుని చదివారట. అందులో సుమారు 40 శాతం దోషాల దిద్దుబాట్లే. కోడు ముదిరినకొద్దీ తప్పులు ఆగిపోవడమూ లేదు. చాలా తప్పులు మామూలు దారిలో కాక, ఏదో పని విఫలమయినప్పుడు వెనక్కు మళ్ళే దారిలో దొరికాయి. రోజూ నడిచే బాటలో ముల్లు వుంటే ఎవడో ఒకడు తీస్తాడు. ఏడాదికోసారి నడిచే బాటలో ముల్లు అట్లాగే వుంటుంది.

మావాడు పట్టినదీ అలాంటి ముల్లే. డిస్కు నిండిపోయి, అదే క్షణాన రాత విఫలమయితే, ముందుగా పట్టివుంచిన చోటును తిరిగి వదలడం కోడు మరిచిపోతున్నది. వేలసార్లకు ఒకసారి జరుగుతుంది. దాన్ని మళ్ళీ రప్పించి కళ్ళారా చూడడానికే వాడికి రెండు నెలలు పట్టింది. చివరికి దిద్దినది ఒక్క పంక్తి!

ఆ మాటకు మా చెల్లెలి ముఖం వాడిపోయింది. "రెండు నెలలకు ఒక్క పంక్తా? నిన్ను ఉద్యోగంలో వుంచుతారా నాన్నా?" అన్నది. దాని భయం ఉత్తది కాదు. అదే కాలంలో వాడికి ఇంకొక పని వచ్చిందిట. ఫైల్ సిస్టము వేగం పెంచాలి. దగ్గరి దారి ఒకటి కనిపించింది. చిట్టాలో ముగింపు గీత పడకముందే "రాశాను" అని జవాబిచ్చేస్తే కొలతల్లో వేగం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పైవాళ్ళకు నచ్చింది. మావాడు మాత్రం, "ఇది డబ్బు జమ కాకముందే రశీదు ఇచ్చినట్టు. కరెంటు పోతే ఎవరి లెక్కలు పోతాయో మనకు తెలియదు" అని టిప్పణి రాసి పెట్టాడు. వేగం కోసం వేరే చోట, తాళాల దగ్గర ఎదురుచూపు తగ్గించి, కొంత సాధించాడు. అంత గొప్పగా కనిపించదు. ఈ ఏడు ఇంక్రిమెంటు పక్క బల్ల అబ్బాయికి వెళ్ళింది.

"టిప్పణి ఎందుకు రాశావురా, నోటితో చెప్పి వూరుకోకపోయావా?" అని మా చెల్లెలు వాపోయింది.

"నోటితో చెబితే రాయనట్టే అమ్మా" అన్నాడు వాడు.

మేము ఆ అబ్బాయి తరఫునే మాట్లాడాము. ఇరవై ఏళ్ళుగా టిప్పణులు రాస్తున్నవాళ్ళము గనుక మాకు తెలుసు. రాసిన అభిప్రాయం ఆ రోజున పనికిరాకపోవచ్చు. కాని ఫైలు తెరిచిన నాడు అది అక్కడ వుంటుంది. ఇంక్రిమెంటు సంగతి వచ్చే ఏడు ఏమవుతుందో మేము చెప్పలేము. అల్లాటప్పా ధైర్యం చెప్పడం మా చెల్లెలికి న్యాయం కాదు.

పాఠకులకు రెండు మాటలు. ఇంట్లో కంప్యూటరు వున్నవారు స్విచ్చి నొక్కి ఆర్పకండి, పద్ధతిగా మూయండి. చేతి పోగును అది అరల్లో సర్దుకోవాలి. ముఖ్యమైన కాగితాలకూ ఫోటోలకూ రెండో ప్రతి వేరొక చోట వుంచండి, ఎంత మంచి చిట్టా అయినా డిస్కే కాలిపోతే కాపాడలేదు. పిల్లల పేర్లు బడిలో రాయించేటప్పుడు ఇంటిపేరు ఏదో, పేరు ఏదో దగ్గరుండి చూసుకోండి.

ఇంకొకటి, ఇది సంబంధాలు చూసేవారికి. పిల్లవాడు చేసే పని కంటికి కనిపించకపోతే అది పని కాదనుకోవద్దు. మీ పిల్ల పెళ్ళి ఫోటోలు పదేళ్ళ తరువాత ఫోనులో చెక్కుచెదరకుండా తెరుచుకుంటే, దాని వెనక ఎక్కడో ఎవడో రెండు నెలలు కూర్చుని దిద్దిన ఒక పంక్తి వుండి వుంటుంది. మావాడికి ఇరవై ఎనిమిదేళ్ళు, జీతం ఫరవాలేదు, కోపం తక్కువ. వివరాలు కావలసినవారు మమ్మల్ని అడగవచ్చు.